పాత నాణెం కొనేముందు సత్తు రూపాయిని పట్టుకోవడం ఎలా

చెన్నైలో పాత నాణేలు దొరికే చోట్లకి కొదవ లేదు. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయినా ఆ పేరు మాత్రం పోలేదు, సెంట్రల్ పక్కన లిల్లీ పాండ్ కాంప్లెక్స్‌లో ఆ వ్యాపారం కొనసాగుతూనే ఉంది. ప్యారిస్ కార్నర్ వైపు పేవ్‌మెంట్ మీద గుడ్డ పరిచి అమ్మేవాళ్లుంటారు. నాణేల ప్రదర్శనలు జరుగుతుంటాయి. ఇక ఫోన్లో గ్రూపులు సరేసరి. అన్నిచోట్లా అసలు సరుకూ ఉంటుంది, నకిలీదీ ఉంటుంది, చాలాసార్లు రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. అమ్మేవాడికే తేడా తెలియకపోవచ్చు కూడా. కాబట్టి మనిషి మంచివాడిలా కనిపించాడా లేదా అన్నది పరీక్ష కాదు.

అసలు సంగతేమిటంటే, నకిలీని దుకాణం దగ్గర నిలబడి పట్టుకోవడం కష్టం. వెలుతురు సరిగ్గా ఉండదు, వెనక ఇంకొకడు "నేను తీసుకుంటా" అంటుంటాడు, టెన్షన్‌లో కళ్లు మనం కోరుకున్నదే చూస్తాయి. అందుకే సగం పని ఇంటి దగ్గరే అయిపోవాలి.

1. ముందు ఒక మామూలు అసలు రూపాయి సంపాదించండి

అరుదైనదాని జోలికి అప్పుడే పోవద్దు. ఐదో జార్జి బొమ్మ ఉన్న 1917, 1918 కాలపు వెండి రూపాయి లక్షలకొద్దీ దొరుకుతుంది. వెండి ధరకి కొంచెం పైన, నమ్మకమైన నాణేల వ్యాపారి దగ్గర బిల్లుతో ఒకటి తీసుకోండి. ఇంట్లో అమ్మమ్మ పెట్టెలో ఉంటే మరీ మంచిది. దాన్ని రోజూ చేతిలోకి తీసుకుని చూడండి. అంచు గీతలు ఎంత సన్నగా ఉన్నాయి, అక్షరాలు నేల (బొమ్మా అక్షరాలూ లేని చదును భాగం) మీంచి ఎలా లేచాయి, వేలి మీద నిలబెట్టి తడితే ఎంతసేపు మోగుతుంది, ఇవన్నీ చేతికి అలవాటు కావాలి. రేపు ఏ అపురూపమైన రూపాయి మీ ముందుకొచ్చినా పోలిక దీనితోనే. కొనడానికి వెళ్లినప్పుడు దీన్ని జేబులో వేసుకుని వెళ్లండి.

ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి కూడా ఒకసారి వెళ్లిరండి. మనవాళ్లు అక్కడికి అమరావతి శిల్పాల కోసం వెళ్తారు, అవి చూసి బయటికొచ్చేస్తారు. నాణేల విభాగం ఉందని చాలామందికి తెలియదు. విజయనగరం వరహా నిజానికి ఎంత చిన్నదో అక్కడ చూస్తే, దాని పేరు చెప్పి అరచేతి వెడల్పు బిళ్ల అమ్మజూపేవాడి సంగతి ఇట్టే తెలిసిపోతుంది. శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి.

2. కథ వినండి, తర్వాత నాణెం చూడండి

ప్రతి నకిలీ నాణేనికీ ఒక కథ ఉంటుంది. మన దగ్గర తరచుగా వినిపించేవి మూడు.

మొదటిది లంకెబిందెల కథ. "పునాదులు తవ్వుతుంటే కుండ దొరికిందండీ, బయట ఎవరికీ చెప్పకండి" అంటారు. ముందు ఒకటి రెండు బిళ్లలు ఇచ్చి, మీకు తెలిసిన కంసాలికి చూపించుకోమంటారు. అవి నిజంగానే బంగారం. ఆ నమ్మకంతో మిగతావాటికి డబ్బు తీసుకెళ్తే చేతికొచ్చేది ఇత్తడి. ఒకవేళ కథ నిజమే అనుకుందాం. అప్పుడు ఇంకో చిక్కు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. దాచిపెట్టి అమ్మిన సొమ్ము కొంటే పోలీసుల తలనొప్పి మీకు. అబద్ధమైతే డబ్బు పోతుంది, నిజమైతే కేసు అవుతుంది. ఈ మాట వినగానే లేచి వచ్చేయండి.

రెండోది రైస్ పుల్లింగ్. బియ్యాన్ని లాక్కునే ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం, ఇరిడియం ఉంది, విదేశాల్లో కోట్లు ఇస్తారు అంటారు. రాగి నాణెం ఏదీ బియ్యాన్ని లాగదు. అయస్కాంతం, ఇనుప రజను కలిపిన బియ్యం, అంతే విషయం. మన రెండు రాష్ట్రాల్లోనూ, ఇక్కడ తమిళనాడులోనూ ఈ కేసులు పేపర్లో పడుతూనే ఉన్నాయి, జనం కొంటూనే ఉన్నారు.

మూడోది దేవుడి బొమ్మల కంపెనీ నాణెం. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు, ఇంకోవైపు 1616 అనో 1818 అనో తేదీ, "ఈస్టిండియా కంపెనీ, ఒక అణా" అని ఇంగ్లీషు అక్షరాలు. ఇవి డబ్బుగా ఎప్పుడూ చలామణి కాలేదు. కంపెనీ రోజుల్లో ఒక అణా నాణెమే లేదు. అంచు వంకీలతో మన పెద్దవాళ్లు వాడిన అణా బిళ్ల 1907లో మొదలైంది. దేశమంతటికీ ఒకే రకం కంపెనీ నాణేలు వచ్చిందే 1835 నుంచి. పూజలో పెట్టుకునే రామటెంకి వేరు, దానికో సంప్రదాయం ఉంది, పాత వెండి, బంగారు రామటెంకెలకి మంచి విలువ కూడా ఉంది. కానీ ఇత్తడి బిళ్ల మీద కంపెనీ పేరు కొట్టి అమ్మేది బొమ్మ. పూజగదికి కావాలంటే బొమ్మ ధరకే కొనుక్కోండి.

ఇక్కడి వాళ్లకి మరో చిన్న మాట. మింట్ స్ట్రీట్ పేరు చెప్పి "ఇదుగో, ఈ వీధిలోనే కొట్టిన ఎడ్వర్డ్ రూపాయి" అనేవాళ్లున్నారు. మద్రాసు టంకశాల 1869లో మూతపడింది. ఎడ్వర్డ్ రూపాయలు 1903లో మొదలయ్యాయి.

3. తూకం, కొలత

రెండు దశాంశాల దాకా చూపించే చిన్న జేబు కాటా, ఒక వెర్నియర్ కాలిపర్, పదింతలు పెద్దగా చూపే భూతద్దం, ఒక చిన్న బలమైన అయస్కాంతం. ఇవి చాలు, అన్నీ కలిపినా ఒక నకిలీ నాణెం ధర కాదు.

1835 నుంచి 1945 దాకా బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. వెడల్పు 30.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ 11.66 ఎక్కడిదో కాదు, తులం బరువు. ఇప్పుడు బంగారం కొట్లో తులం అంటే పది గ్రాములు అయిపోయింది గానీ, వెనక కంసాలి తక్కెడలో తూకపు రాయి బదులు రూపాయే వేసేవాడు. అర్ధరూపాయి 5.83, పావలా 2.92 గ్రాములు. బంగారు సవర (బ్రిటిష్ సావరిన్ నాణెం) 7.98 గ్రాములు, వెడల్పు 22 మిల్లీమీటర్లు.

చేతులు మారి అరిగిన రూపాయి తూగడంలో కాస్త తగ్గుతుంది. బాగా అరిగి 11.4 తూగితే ఆశ్చర్యం లేదు. కానీ కొత్తదానిలా మెరుస్తూ 11.2 తూగితే ఆ నాణెం అబద్ధం చెబుతోంది. అసలు బరువు కంటే ఎక్కువ తూగినా అంతే, అరిగితే బరువు పెరగదు కదా.

ఒక జాగ్రత్త. ప్రతి రూపాయికీ ఈ లెక్క వేయకండి. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం హాలీ రూపాయి 11.18 గ్రాములే, వెండి కూడా తక్కువ. అది తేలిగ్గా ఉందని నకిలీ అనేస్తే మంచి నాణెం చేజారిపోతుంది. అయస్కాంతం విషయంలోనూ ఇదే. వెండి అయస్కాంతానికి అంటదు, అంటితే లోపల ఇనుము ఉన్నట్టు. కానీ వెనక పులి బొమ్మ ఉన్న 1947 రూపాయి నికెల్‌తో చేసింది, అది అంటుకోవాలి. అంటకపోతేనే అనుమానించాలి.

4. అంచు తిప్పి చూడండి

మనమంతా రాజుగారి మొహం చూస్తాం, నకిలీ చేసేవాడూ దాని మీదే కష్టపడతాడు. అంచు దగ్గర అతనికి ఓపిక అయిపోతుంది. పోత పోసిన నాణేనికి రెండు అచ్చు ముక్కలు కలిసిన చోట అంచు చుట్టూ సన్నటి గీత మిగులుతుంది. దాన్ని ఆకురాయితో అరగదీస్తే అక్కడ నిలువు గీతలు మాయమై, అడ్డంగా గీరిన గుర్తులు కనిపిస్తాయి. అసలు రూపాయి అంచు గీతలు నిటారుగా, సమాన దూరంలో, చుట్టూ తెగకుండా ఉంటాయి. మీ జేబులో రూపాయిని పక్కన పెట్టి రెండింటినీ నెమ్మదిగా దొర్లించండి.

1940లో వెండిని సగానికి తగ్గించినప్పుడు ప్రభుత్వమే దొంగ నాణేల భయంతో అంచు మార్చింది. నిలువు గీతల మధ్యలో ఒక గాడి పెట్టారు. ఆరో జార్జి రూపాయల్లో 1940 నుంచి వచ్చినవాటికి ఈ గాడి ఉంటుంది, 1938 వాటికి ఉండదు. దీంతో ఏం పనో కాసేపట్లో చెబుతాను.

5. భూతద్దం కింద

ఇక్కడ తొందరపడకండి. దీపం ఒక పక్క నుంచి వాలుగా పడేట్టు పెట్టి, నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ చూడాలి.

ముందు అక్షరాలు. టంకశాలలో పెద్ద బరువుతో కొట్టిన నాణెం మీద అక్షరం గోడ నిటారుగా లేస్తుంది, నేలతో కలిసే చోట మూల స్పష్టంగా ఉంటుంది. పోత నాణెంలో ఆ మూల నిండిపోయి, అక్షరం వాడిన సబ్బుబిళ్ల మీది పేరులా గుండ్రంగా జారిపోతుంది. నేల మీద సూదిమొన లాంటి గుంటలు, అక్కడక్కడా చిన్న బొడిపెలు ఉంటే కరిగిన లోహంలో గాలి బుడగలు మిగిలినట్టు.

తర్వాత అరుగుదల ఎక్కడుందో చూడండి. నిజంగా చేతులు మారిన నాణెం ఎత్తైన చోట్ల ముందు అరుగుతుంది. రాజు బుగ్గ, చెవి పైన జుట్టు, కిరీటం అంచు నున్నగా అవుతాయి. లోతుల్లో ఉన్న గీతలు, అక్షరాల మూలలు మాత్రం పదునుగానే ఉంటాయి. పోత నాణెంలో ఎత్తూ లోతూ ఒకేలా మసకబారి ఉంటాయి. ఐదో జార్జి రూపాయి మీద రాజు వస్త్రంపై ఒక చిన్న ఏనుగు ఉంటుంది. 1911లో దాని తొండం పొట్టిగా పడి పందిలా కనిపించిందని గొడవ జరిగింది, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. అరగని నాణెంలో ఆ ఏనుగు తొండం, చెవి విడివిడిగా తెలియాలి. మిగతా నాణెమంతా కొత్తగా ఉండి ఏనుగు ఒక్కటే ముద్దగా ఉందంటే ఇక వదిలేయండి. అన్నట్టు ఆ 1911 పంది రూపాయి నాణేలు దాదాపు 7 లక్షలు చలామణిలోకి వెళ్లాయి, కథ గొప్పదే గానీ చెప్పే ధరంత అరుదు కాదు.

ఇంకో మాట, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది ఇదే. అమ్మేవాడి దగ్గర అదే నాణెం రెండు మూడు ఉంటే పక్కపక్కన పెట్టమనండి. రాజు మెడ మీద ఒక గాటు ఉందనుకోండి. రెండో నాణెంలో కూడా అదే చోట, అదే పొడవు గాటు ఉంటే రెండూ ఒకే అచ్చులో పోసినవి. దెబ్బ అనేది ఒక్కో నాణేనికి ఒక్కోచోట తగులుతుంది. ప్రాచీన ముద్రాంకిత వెండి నాణేలకైతే ఇది ఇంకా బాగా పనికొస్తుంది. వాటి మీద సూర్యుడు, చక్రం లాంటి గుర్తులు ఒక్కొక్కటి విడిగా కొట్టారు. గుర్తులన్నీ అవే కోణంలో, అంతే దూరంలో పడ్డ రెండు నాణేలు అసలైనవి అయ్యే అవకాశం లేదు.

తేదీ దిద్దడం వేరే మోసం. ఇక్కడ నాణెం అసలుదే, అంకె మాత్రం నకిలీ. 1939 వెండి రూపాయి చాలా అరుదు (అదే ఏడాది అర్ధరూపాయి, పావలా అంత అరుదు కావు). అందుకని 1938లో 8ని గీకి 9గా చేస్తారు, లేదా 1940ల రూపాయిలో చివరి అంకెలు మారుస్తారు. చివరి అంకె చుట్టూ నేల రంగు చూడండి. గీకిన చోట మెరుపు వేరుగా ఉంటుంది, సన్నటి సమాంతర గీతలు కనిపిస్తాయి. 9 తోక మిగతా అంకెల కంటే సన్నగానో, పొట్టిగానో ఉంటుంది. 1940ల నాణేన్ని దిద్ది ఉంటే అంచులో గాడి పట్టిస్తుంది. 1939కి ఆ గాడి ఉండకూడదు.

6. నీళ్ల పరీక్ష

పెద్ద మొత్తం పెట్టేటప్పుడు ఇది చేయకుండా కొనకండి. ఇంట్లో పది నిమిషాల పని.

నాణేన్ని పొడిగా తూచి రాసుకోండి. చిన్న ప్లాస్టిక్ కప్పులో ముప్పాతిక దాకా నీళ్లు పోసి జేబు కాటా మీద పెట్టి సున్నా చేయండి. సన్నటి దారంతో నాణేన్ని కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేట్టు వేలాడదీయండి. అడుగుకీ గోడలకీ తగలకూడదు. నాణెం మీద గాలి బుడగలు పట్టుకుని ఉంటే దారాన్ని చిన్నగా కదిపి వదిలించండి. ఇప్పుడు కాటా ఎంత చూపిస్తే, పొడి బరువుని దాంతో భాగించండి.

1938, అంతకుముందు రూపాయల్లో వెండి 91.7 శాతం. వాటికి కాటా 1.13 దగ్గర ఆగాలి, భాగిస్తే 10.3 వస్తుంది. 1940 నుంచి వచ్చిన సగం వెండి రూపాయికి 1.22 వస్తుంది, భాగిస్తే 9.5. వెండి పూత పూసిన జర్మన్ సిల్వర్ (పేరే గానీ అందులో వెండి ఉండదు), రాగి నికెల్ బిళ్లలకి 1.3 దాటుతుంది. "1939" అని చెప్పిన రూపాయి 1.22 చూపించిందంటే అది 1940ల నాణెం, తేదీ దిద్దారు. 1938ని దిద్దితే మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు, లోహం ఒకటే కాబట్టి. దానికి భూతద్దమే గతి.

కాటా దగ్గర లేకపోతే మోత వినండి. పెద్దవాళ్లు రూపాయిని రాతి మీద కొట్టి చూసేవారు, మీరు ఆ పని చేయకండి, అంచు దెబ్బతింటుంది. వేలి కొన మీద నిలిపి ఇంకో నాణెంతో సున్నితంగా తట్టండి. మంచి వెండి సన్నగా, పొడుగ్గా మోగుతుంది. సత్తు రూపాయి టక్కుమని ఊరుకుంటుంది. సగం వెండి రూపాయి మధ్యస్థంగా పలుకుతుంది, దాన్ని విని తొందరపడి తీర్పు చెప్పకండి.

బంగారు నాణెమైతే షావుకార్‌పేటలో టంచ్ (బంగారం స్వచ్ఛత) చూసే చోట మెషీన్ మీద పెట్టించవచ్చు. గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి, ఒక్క గీత పడితే విలువ పోతుంది. మెషీన్ పైపొరనే చదువుతుంది కాబట్టి మందంగా పూత ఉంటే మోసపోతుంది. అందుకే బంగారానికి కూడా నీళ్ల పరీక్ష చేయండి. 22 క్యారట్లకి భాగహారం 17.5 పైన రావాలి.

నల్లగా ఉంది కాబట్టి పాతదే అనుకోవద్దు. గంధకంతో గంటలో నల్లబరచవచ్చు. అలా చేసింది ఎత్తూ పల్లం లేకుండా ఒకే నలుపు ఉంటుంది. ఇక మీరు కొన్న తర్వాత చింతపండు పెట్టి తోమితే మాత్రం, అసలు నాణేన్ని మీరే సగం ధరకి దించినవాళ్లవుతారు.

7. ధర కూడా ఒక పరీక్షే

91.7 శాతం వెండి రూపాయిలో 10.7 గ్రాముల వెండి ఉంటుంది. ఆ రోజు వెండి ధరతో గుణించండి. దానికన్నా తక్కువకి ఎవరైనా ఇస్తున్నారంటే అందులో వెండి లేదు. వ్యాపారం తెలిసినవాడు కరిగించుకుంటాడు గానీ మీకు చవగ్గా ఇవ్వడు.

అటువైపు కూడా చూడాలి. అసలుదే అయినా అరుదు కానిదాన్ని అరుదని అమ్మితే నష్టం నష్టమే. మన మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులో కొట్టి పంపిన 1808 నాటి 20 కాసుల రాగి నాణేలు అడ్మిరల్ గార్డనర్ అనే ఓడతో పాటు 1809లో అక్కడి సముద్రంలో మునిగిపోయాయి. 1980ల్లో వాటిని కుప్పలుగా పైకి తీశారు. "ఓడ మునిగిన నాణెం" అన్న కథ నిజం, కానీ అది దొరకని వస్తువు కాదు. అలాగే 2012 వైష్ణోదేవి ఐదు, పది రూపాయల నాణేలకి లక్షలు ఇస్తామనే ప్రకటనలు చూసి ఎవరి దగ్గరో వేలు పోసి కొనకండి. పాత నోట్లు, నాణేల అమ్మకాల పేరిట తన పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

8. ఫోన్లో చూసి కొనేటప్పుడు

రెండు వైపుల ఫోటోలు చాలవు. కాటా మీద పెట్టిన ఫోటో, అంచు చుట్టూ తిప్పిన వీడియో, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి తీసింది అడగండి. "అన్నా, వీడియో కుదరదు" అంటే మీకూ కొనడం కుదరదు. వచ్చిన ఫోటోని గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, అదే ఫోటో ఏదో వేలంపాటలో కనిపిస్తే నాణెం అతని దగ్గర లేదు.

నాణేలని పరీక్షించి సీలు వేసే పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థల ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నదైతే పెట్టె మీది నంబరుని వాళ్ల సైట్లో కొట్టండి. నంబరు దొరికితే సరిపోదు, నకిలీ పెట్టెల మీద అసలు నంబర్లే వేస్తారు. అక్కడ ఫోటో ఉంటే మీ నాణెం మీది మచ్చలతో పోల్చి చూసుకోండి.

9. డబ్బులిచ్చేముందు

బిల్లు మీద "పాత నాణెం ఒకటి" అని రాయించుకోవద్దు. రాజు పేరు, తేదీ, బరువు, లోహం, నకిలీ అని తేలితే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో రాయించండి. పేరున్న వేలం సంస్థలు, పాత వ్యాపారులు దీనికి అభ్యంతరం చెప్పరు. రాయనన్నవాడి దగ్గర పోయినా ఫర్వాలేదనుకున్నంత డబ్బే పెట్టండి. వందేళ్లు దాటిన నాణెం చట్టం దృష్టిలో పురావస్తువు కావచ్చు, విదేశాల్లో ఉన్న బంధువులకి కానుకగా పంపించే ఆలోచన పెట్టుకోకండి.

ఇంటికొచ్చాక నీళ్ల పరీక్ష మళ్లీ చేసి, వచ్చిన అంకెలు, ఇచ్చిన ధర ఒక చిన్న కాగితం మీద రాసి బిల్లుతో పాటు పెట్టుకోండి. నాణేన్ని మెత్తటి పీవీసీ కవర్లో పెట్టొద్దు, కొన్నేళ్లకి పచ్చటి జిగురు పడుతుంది. మైలార్ కవరు తీసుకోండి. వెనక్కి ఇచ్చే గడువు అయ్యేలోపు ఆ సిరీస్ బాగా తెలిసిన ఇంకొకరికి చూపించండి, అమ్మినవాడి స్నేహితుడికి మాత్రం కాదు.